కార్తీకంలో కంప్యూటర్ కబుర్లు

దసరా ఆయుధపూజలో కీబోర్డుకీ కుంకుమ బొట్టు పెట్టాం. దీపావళి ప్రమిదలు కడిగి అటకెక్కించాం. ఈ రెండు పండగల మధ్య కంప్యూటర్లున్న ఇళ్లన్నిట్లో ఒకటే చర్చ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. 2017కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకూ ఆ పరీక్షలో తప్పుతాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఆ తర్వాత ఆ ల్యాప్‌టాప్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేయడమేనా? వద్దండీ, విండోస్ బదులు లినక్స్ వేసుకుంటే దానికింకా చాలా ఆయుష్షుంది.

ముందుగా ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని అందులో వెంటాయ్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి. వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీదే వాడండి. ఆ తర్వాత లినక్స్ ఐఎస్ఓ ఫైళ్లు ఎన్ని కావాలంటే అన్ని, మామూలు పాటల ఫైళ్లలాగే కాపీ చేసుకోవచ్చు. కంప్యూటర్‌ని ఆ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేస్తే అన్నిటి పేర్లూ వరసగా కనిపిస్తాయి. కావలసినదాని మీద ఎంటర్ కొట్టడమే. పాత మెషీన్లకి నేను చెప్పేది లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. వెంటనే ఇన్‌స్టాల్ చేసేయకండి. పెన్‌డ్రైవ్ మీదే నడిపి వైఫై అందుతోందా, స్పీకరు పలుకుతోందా, ప్రింటర్ని గుర్తుపడుతోందా చూసుకోండి. అన్నీ కుదిరాక, ఫొటోలూ కాగితాలూ వేరే డిస్క్‌లో దాచుకున్నాక, అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కండి. మరీ పాత 32 బిట్ మెషీన్లున్నవాళ్లకి మాత్రం ఒక మాట: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 లినక్స్ వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. అలాంటివాళ్లు డెబియన్ 12 దగ్గరే ఉండటం మంచిది.

విండోస్‌లోనే ఉండేవాళ్లకీ పండగ సర్దుళ్లు తప్పవు కదా! డిస్క్ నిండిపోయిందంటే విన్‌డిర్‌స్టాట్ నడపండి. ఏ ఫోల్డర్ ఎంత చోటు ఆక్రమించిందో రంగురంగుల గళ్లలో చూపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద గడి తరచూ ఎప్పుడో దించుకుని మరిచిపోయిన సినిమాయే అయి ఉంటుంది. ఫైలు పేరు సగమే గుర్తుంటే ఎవ్రీథింగ్ అనే ప్రోగ్రామ్ ఉంది. అది ఫోల్డర్లన్నీ తిరగదు, ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ తనే రాసిపెట్టుకున్న పట్టికను చదువుతుంది. అందుకే అక్షరం కొడుతుండగానే ఫలితాలు వచ్చేస్తాయి.

కెమెరా కార్డులోంచి దీపావళి ఫొటోలు పొరపాటున చెరిగిపోయాయా? కంగారుపడకండి. ముందు ఆ కార్డు వాడటం ఆపేయండి, దాని మీద కొత్తగా ఏమీ రాయనివ్వకండి. తర్వాత ఫొటోరెక్ నడపండి. అది ఫైలు పేర్లతో పనిలేకుండా, బొమ్మ ఫైళ్ల మొదట్లో ఉండే గుర్తులు పట్టుకుని వెతుకుతుంది. దొరికినవాటిని అదే కార్డులో కాక వేరే డిస్క్‌లోకి పంపండి.

తెలుగు పుస్తకాలు స్కాన్ చేసేవాళ్లకి టెసరాక్ట్ గురించి చెప్పాలి. హెచ్‌పీలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయిన ఈ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్) తెలుగూ చదువుతుంది. తెలుగు డేటా ఫైలు విడిగా వేసుకోవాలి. పేజీని 300 డీపీఐలో, వంకర లేకుండా స్కాన్ చేస్తే ఫలితం బాగుంటుంది. వత్తుల దగ్గరా, అరిగిపోయిన పాత అచ్చు దగ్గరా తడబడుతుంది కాబట్టి ప్రూఫ్ చూడక తప్పదు. అయినా మొత్తం టైపు చేయడంతో పోలిస్తే ఎంతో శ్రమ తగ్గుతుంది. మన పాత పత్రికలు ఇలా వెతుక్కోగలిగే అక్షరాలుగా మారుతుంటే నాకు పట్టరాని సంతోషం.

ఇక కోడ్ రాసేవాళ్ల కబుర్లు. లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌కి 2025తో ఇరవై ఏళ్లు నిండాయి. కమిట్, పుష్ దాటి ముందుకెళ్లనివాళ్లు ఈ సీజన్లో బైసెక్ట్ నేర్చుకోండి. నిరుడు బాగా నడిచిన ప్రోగ్రామ్ ఇప్పుడు నడవట్లేదు, మధ్యలో వెయ్యి కమిట్లున్నాయి అనుకుందాం. మంచిదేదో చెడ్డదేదో చెబితే గిట్ నడిమి కమిట్ తీసి ముందు పెడుతుంది. నిఘంటువు మధ్యకి తెరిచి మాట ముందుందా వెనకుందా చూసినట్టే, ప్రతిసారీ సగం తగ్గిపోతుంది. పదిసార్లు పరీక్షిస్తే చాలు, తప్పు ఎక్కడ దూరిందో దొరికిపోతుంది.

పైథాన్ 3.14 2025 అక్టోబర్ 7న విడుదలైంది. ఇప్పుడు ఇంటరాక్టివ్ షెల్లో టైపు చేస్తుంటేనే కోడ్ రంగుల్లో కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి ఇది పెద్ద సాయం. ఇంకా 3.9 మీదే ఉన్నవాళ్లు మాత్రం త్వరపడాలి, దానికి సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది.

ఇవన్నీ మనకి ఉచితంగా అందుతున్నాయంటే ఎవరో రాత్రుళ్లు కూర్చుని రాస్తున్నారని అర్థం. కోడ్ రాయలేకపోయినా మనం చేయగలిగింది ఉంది. ఏదైనా తప్పు కనిపిస్తే ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏమైంది, స్పష్టంగా రాసి పంపండి. మెనూల్లో తెలుగు లేకపోతే నాలుగు మాటలు అనువదించి ఇవ్వండి.

ఏటా డిసెంబర్ 1న అడ్వెంట్ ఆఫ్ కోడ్ మొదలవుతుంది. ఎరిక్ వాస్ల్ 2015 నుంచి ఏటా నడుపుతున్న ఈ ప్రోగ్రామింగ్ చిక్కుముడుల పండగ 2024 దాకా 25 రోజులుండేది, 2025లో 12 రోజులకు తగ్గింది. రుసుము లేదు, ఏ భాషలోనైనా రాయొచ్చు. కాలేజీ పిల్లలూ, ఇంట్లో పక్కన పెట్టిన ఆ పాత ల్యాప్‌టాప్‌కి ఈలోగా మింట్ ఎక్కించండి. ఈ లెక్కలకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది.