మీది ఏ క్లబ్బు?

మా అబ్బాయికి పదకొండేళ్ళు. డబ్లిన్‌లోనే పుట్టాడు. మా పేట క్లబ్బులో హర్లింగ్ ఆడతాడు. మన బిళ్ళంగోడునీ హాకీనీ కలిపినట్టుంటుంది ఈ ఆట. జట్టుకు పదిహేనుమంది. చేతిలో యాష్ చెక్క కర్ర, ఓ చిన్న తోలు బంతి. అడ్డకర్ర కిందనుంచి కొడితే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పంపితే ఒకటే.

వాడి పోరు పడలేక ఒక ఆదివారం పులిహోర కట్టుకుని, దక్షిణ కిల్కెన్నీలోని బాలీహేల్‌కి కారులో బయల్దేరాం. నిజం చెప్పొద్దూ, ఆ చిన్న ఊళ్ళో చూడ్డానికేముందిలే అనుకున్నాను.

అక్కడి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి 1972లో 'బాలీహేల్ షామ్‌రాక్స్' క్లబ్బు పెట్టుకున్నారు. 1981లో మొదటిసారి ఆల్ ఐర్లండ్ క్లబ్ కప్పు గెలిచారు. ఆ జట్టులో ఫెన్నెలీ ఇంటి అన్నదమ్ములే ఏడుగురు! 2022 ఫైనల్లో వాటర్‌ఫర్డ్‌కి చెందిన బాలీగన్నర్ ఆఖరి క్షణంలో గోల్ కొట్టి కప్పు ఎగరేసుకుపోయింది. మరుసటి ఏడాదే వీళ్ళు మళ్ళీ తెచ్చుకున్నారు. దాంతో మొత్తం తొమ్మిది. మరే క్లబ్బూ అన్నిసార్లు గెలవలేదు.

ఇంతా చేసి ఆటగాళ్ళెవరికీ జీతాల్లేవు. కిల్కెన్నీ తరఫున పది ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచిన ఈ క్లబ్బు కుర్రాడు హెన్రీ షెఫ్లిన్ కూడా బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూనే ఆడాడు. ఊరి పిల్లలే ఊరి జట్టు. అన్న పెద్దవాడయ్యాక తమ్ముడు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు.

మైదానం గేటు దగ్గర ఒక పెద్దాయన మావాడి చేతిలో కర్ర చూసి ఆగాడు. "మీది ఏ క్లబ్బు బాబూ?" అనడిగాడు. 'ఏ దేశం' అని కాదు, 'ఏ క్లబ్బు' అని! మావాడు తడుముకోకుండా చెప్పాడు. ఇద్దరూ పావుగంట ముచ్చట్లాడుకున్నారు.

నేను పక్కన నిలబడి విన్నాను. పదిహేనేళ్ళుగా ఎవరైనా "మీదెక్కడ?" అంటే "మాది అసలు..." అంటూ మొదలుపెడతాను. రెండేళ్ళకో కంపెనీ మారే కన్సల్టెంట్‌ని. ఆ వారమే వేరే దేశంలో మంచి కాంట్రాక్టు వచ్చింది. ఇంట్లో అందరం వెళ్ళిపోదామనే అనుకుంటున్నాం. వాణ్ణి మాత్రం ఎవరం అడగలేదు.

తిరుగు ప్రయాణంలో అడిగాను. "మరి నా టీమ్ నాన్నా?" అన్నాడు. ఆ రాత్రే ఆ కాంట్రాక్టు వద్దని రాసేశాను.

ఈసారి సెలవుల్లో మీరూ పిల్లల్ని తీసుకుని ఒక్కసారి బాలీహేల్ వెళ్ళిరండి. అంతకంటే ముందు, మీ పేట క్లబ్బు గేటుదాకా వెళ్ళండి.