మినీమూగ్‌ను శ్రుతి చేసిన శీతాకాలం

మా బాబాయి బఫెలోలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక బ్యాండు కుర్రాడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో మినీమూగ్ మోడల్ డి సింథసైజర్ కొన్నారు. మూగ్ కంపెనీ 1971లో ఆ పక్కనే ఉన్న విలియమ్స్‌విల్‌కు మారింది. ట్రూమన్స్‌బర్గ్‌లో పుట్టిన ఈ వాయిద్యం 1981 దాకా ఆ ప్రాంతంలో తయారైంది. బాబాయి దాని మీద రాక్ వాయించలేదు. కల్యాణి, మోహన వాయించారు. పిచ్ వీల్‌తో గమకం పలికించేవారు. చిన్నప్పుడు క్యాసెట్‌లో విన్న ఆ ధ్వనే నన్ను సౌండు పనిలోకి లాగింది.

నేను న్యూజెర్సీలో వాళ్లింటికి వెళ్లే నాటికి కీబోర్డు మెట్ల కాంటాక్టులు అరిగిపోయి, కొన్ని స్వరాలు పలకడం మానేశాయి. ఆయన వేళ్లు కూడా మునుపటిలా వంగడం లేదు. "కంప్యూటర్‌తో వాయించే దారి ఏమన్నా ఉందా?" అని అడిగారు. దారి ఉంది. కానీ మధ్యలో ఒక దుబాసీ కావాలి.

కంప్యూటర్లు, వాయిద్యాలు మాట్లాడుకునే మిడి అనే భాష 1983లో వచ్చింది. అప్పటికే మినీమూగ్ తయారీ ఆగిపోయింది. మిడి పంపేవి అంకెలు, మినీమూగ్‌కు తెలిసింది వోల్టేజి. వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. అంటే సెమిటోన్‌కు 83.3 మిల్లీవోల్ట్లు, అందులో నూరో వంతైన సెంటుకు ఒక మిల్లీవోల్ట్ కన్నా తక్కువ. మిడి అంకెలను వోల్టేజిగా మార్చే కన్వర్టర్ నా సంచిలో ఉంది. ట్రిగర్ సంగతి త్వరగానే తేలింది. మినీమూగ్ వోల్టేజి గేట్‌ను పట్టించుకోదు, ట్రిగర్ లైనును గ్రౌండుకు షార్ట్ చేస్తేనే స్వరం మొదలవుతుంది. కన్వర్టర్‌లో ఎస్-ట్రిగర్ ఎంచుకుని, వెనకవైపు రెండు పలకల పిన్నుల సాకెట్‌కు తగిన కేబుల్ పెట్టాం. అసలు పని పిచ్ దగ్గర మొదలైంది.

జనవరి నెల, బేస్‌మెంట్ చల్లగా ఉంది. ఆన్ చేయగానే ట్యూన్ చేద్దామన్నారు బాబాయి. గంటసేపు ఆగుదామన్నాను. ఇందులో స్వరం పుట్టించే ఆసిలేటర్లను నడిపేది ట్రాన్సిస్టర్ తాలూకు ఎక్స్‌పొనెన్షియల్ స్వభావం, అది ఉష్ణోగ్రతకు లొంగుతుంది. సవరణ లేని సర్క్యూట్‌లో ఒక్క డిగ్రీ సెల్సియస్ మారితే స్కేలు, అంటే వోల్టుకు స్వరం ఎంత పెరుగుతుందనేది, దాదాపు 0.33 శాతం జరుగుతుంది. నాలుగు స్థాయిలు దాటేసరికి అది 16 సెంట్లు. మినీమూగ్‌లో సవరణ ఉన్నా, పాత బోర్డుల్లో అది పూర్తిగా సరిపోదు. పైకప్పులోని హీటర్ గాలి సరిగ్గా పానెల్ మీద పడుతోంది. ఆ గాలి వచ్చే జాలీకి అట్ట కట్టాం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఆ రోజు చేసిన వాటిలో దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంకొకటి. మినీమూగ్ చివరిగా నొక్కిన మెట్టు వోల్టేజిని పట్టి ఉంచుకుంటుంది, బయటి వోల్టేజి దాని మీద కలుస్తుంది. అందుకే అన్నిటికంటే కింది ఎఫ్ మెట్టు ఒకసారి నొక్కి వదిలేసి, పని అయ్యేదాకా కీబోర్డును ఎవరూ ముట్టకూడదన్నాను.

మొదటి ఆసిలేటర్ ఒక్కదాన్నే ఉంచి, మిగతా రెండూ ఆపేశాం. లాప్‌టాప్ నుంచి ఒకే స్వరాన్ని రెండు చోట్లకు పంపాను, కన్వర్టర్‌కూ లాప్‌టాప్‌లోని నాదానికీ. కన్వర్టర్ సున్నా వోల్ట్లు ఇచ్చే స్వరాన్ని కింది సిగా, అంటే ఒకటో శ్రుతి షడ్జంగా పెట్టుకున్నాం. స్కేలును ఎంత తిప్పినా సున్నా సున్నాగానే ఉంటుంది కాబట్టి ఆ షడ్జం కదలదు. దాన్ని ట్యూన్ నాబ్‌తో కలిపి, నాలుగు స్థాయిల పైనున్న షడ్జానికి వెళ్లాం.

అక్కడ స్వరం సెమిటోన్‌లో మూడో వంతు దాకా కిందికి ఉంది. బాబాయి మల్టీమీటర్ పెట్టి చూశారు. "ఒరేయ్, నాలుగు వోల్ట్లు కచ్చితంగా వస్తున్నాయి. కన్వర్టర్ పెట్టె తప్పేం లేదు."

"పెట్టెది తప్పు కాదు బాబాయ్. వెనక జాక్ దగ్గరి రెసిస్టర్లకు ఇంకాస్త కావాలి."

కన్వర్టర్‌లో స్కేలు పెంచుతూ పోయాను. రెండు నాదాల మధ్య గరగర మెల్లగా విడివిడి కొట్టుకోళ్లయింది. ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలని చదువుకున్నవే. పైషడ్జం 1046 హెర్ట్జ్ దగ్గర సెకనుకు ఒకసారి కొట్టుకునే తేడా, కింది షడ్జం దగ్గర పదహారు సెకన్లకు ఒకసారి కొట్టుకుంటుంది. అందుకే స్కేలును పైన సర్దాలి. బాబాయి కళ్లు మూసుకుని, తంబురా శ్రుతి చేసేటప్పటిలాగే తల పక్కకు వంచి విన్నారు. "చాలు" అన్నచోట ఆపాను. మీటరు 4.03 చూపింది. ఆ వాయిద్యానికి ఆ గదిలో కావలసిన నాలుగు వోల్ట్లు అవే.

తర్వాత స, గ, ప వాయించాను. ఆయన ముఖం చిట్లించారు. "గాంధారం ఎక్కువగా ఉందిరా. ఇంకా తగ్గించు." ఆ చెవి అబద్ధం చెప్పదు. సమాన విభజన స్కేలులో గాంధారం 400 సెంట్లు, తంబురాలో వినిపించే సహజ గాంధారం 386. కానీ ఆ 14 సెంట్ల కోసం స్కేలును తగ్గిస్తే ఒక స్థాయి పైనున్న షడ్జమే 42 సెంట్లు పడిపోతుంది. కాలిబ్రేషన్‌కు షడ్జాన్ని తప్ప మరో స్వరాన్ని సాక్షిగా పిలవకూడదని నేను అప్పటినుంచీ గట్టిగా నమ్ముతున్నాను. గాంధారాన్ని లాప్‌టాప్‌లో పిచ్ బెండ్‌తో విడిగా దించాను. "ఇదీ మోహన" అన్నారాయన.

మరీ పై స్థాయిలో స్వరం కొంచెం తగ్గుతూనే ఉంది. రంపపు తరంగం ప్రతిసారీ సున్నాకు పడడానికి పట్టే క్షణం అక్కడ లెక్కకొస్తుంది. దాన్ని వదిలేశాం, వాయించే స్థాయిలు బాగుంటే చాలు. రెండో, మూడో ఆసిలేటర్లను కలిపాక వాటి మధ్య మిగిలిన కాస్త తేడాను కూడా ఉంచేశాం. ఆ వాయిద్యం ఒంట్లో ప్రాణం అదే, దాన్ని తుడిచేసేవాళ్లతో నేను ఏకీభవించను.

ఆ సాయంత్రం బాబాయి లాప్‌టాప్‌లో ఒక్కొక్క స్వరం పేర్చుకుంటూ కల్యాణి కూర్చారు. వేసవిలో గది వేడెక్కాక స్కేలును మళ్లీ సర్దాల్సి వచ్చింది. గది ఉష్ణోగ్రత, స్కేలు అంకె రెండూ ఒక కార్డు మీద రాసి వెనక అతికించాం.

మీ ఇంట్లోనో, చెన్నై, హైదరాబాదు పాత స్టూడియోల్లోనో ఇలాంటి సింథసైజర్ మూలన పడి ఉంటే పాత సామానుకు వేయకండి. పవర్ సప్లయ్‌ని తెలిసినవాళ్లకు చూపించి, ఆన్ చేసి గంటసేపు వదిలేయండి. స్క్రూడ్రైవర్ పట్టేది ఆ తర్వాతే.