బొట్టూ, కాటుకా, ఒక డాక్టరూ

ఈ సంచికకు ఏదైనా ఆరోగ్య విషయం మీద వ్రాయమని సంపాదకులు అడిగారు. చక్కెర జబ్బు, రక్తపోటు గురించి మన సభ్యులు నాకంటే ఎక్కువే చదివి ఉన్నారు; విందు భోజనాల దగ్గర నాకే పాఠాలు చెబుతూ ఉంటారు. అందుకని మన పత్రికలో డాక్టర్లెవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎంచుకున్నాను. అది అలంకరణ. పురుష పాఠకులు ఇక్కడే పేజీ తిప్పెయ్యవద్దని మనవి. మీ ఇంట్లో తల్లో, భార్యో, కూతురో ఉండే ఉంటారు. పైగా జుట్టుకు రంగు వేసుకునే మగవారు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. డాక్టరుగా ఆ రహస్యం బయటపెట్టను.

నాకు అలంకరణ అంటే ఇష్టం. చిన్నప్పటి నుంచీ ఇష్టమే. గుంటూరులో మా అమ్మమ్మ గోడ బీరువాలో ఒక చెక్క అర ఉండేది. దానిలో తిలకం సీసా, ఐటెక్స్ కాటుక డబ్బా, కుటికూరా పౌడరు, గంధపు చెక్క, పక్కపిన్నులు, సవరం – అన్నీ వరుసగా ఉండేవి. ఆ అర తెరిస్తే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో పరీక్ష ఎంత గడ్డుదైతే నా కాటుక అంత శ్రద్ధగా ఉండేది. రాత్రంతా చదివి వాచిపోయిన కళ్ళకు అదొక మర్యాద. ఇప్పుడు నా బల్ల మీద లిప్ స్టిక్కులు పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడు ఒకటే రంగని మా వారి వాదన. ఇటుక రంగుకూ, ఎండిన గులాబి రంగుకూ తేడా తెలియని మనిషితో వాదించి లాభం లేదు.

చదువుకున్న ఆడది, అందులోనూ డాక్టరు, అలంకరణ గురించి మాట్లాడితే తేలికైపోతుందని మనలో ఒక నమ్మకం ఉంది. “డాక్టరమ్మ ఎంత సింపుల్‌గా ఉంటుందో చూశారా” అన్నది మనవాళ్ళు ఇచ్చే పెద్ద బిరుదు. నాకు ఆ బిరుదు రాలేదు, కావాలని కూడా లేదు. పొద్దున్నే అద్దం ముందు నిలబడే పది నిమిషాలే రోజు మొత్తంలో నావి. ఆ తర్వాతి గంటలన్నీ రోగులవీ, కంప్యూటరువీ, పిల్లలవీ.

ఈ దేశం వచ్చాక నా అలంకరణలో ఒకటి మాత్రం పోయింది. అది గాజులు. ఇంగ్లండులో 2008 నుంచి ఆసుపత్రులలో మోచేతి కింద ఏమీ ఉండకూడదని నియమం. గడియారం ఉండకూడదు, పొడుగు చేతులు ఉండకూడదు, గోళ్ళ రంగు ఉండకూడదు. రాళ్ళు లేని పెళ్ళి ఉంగరం ఒక్కటి ఉంచుకోవచ్చు. చేతులు మణికట్టు దాకా సరిగా కడుక్కోవాలంటే అదే మార్గమని వారి వాదన, నేను కాదనను. కాని నెలల పాటు నా బోసి చేతులు ఫోనులో చూసినప్పుడల్లా మా అమ్మ మొహం అదోలా అయిపోయేది. బోసి చేతులంటే మన ఊళ్ళలో అర్థం ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. “కారులోనన్నా పెట్టుకో తల్లీ” అనేది. అలాగే చేశాను. ఆసుపత్రిలో పని చేసినన్నాళ్ళూ నా కారులో రెండు జతల మట్టిగాజులు ఉండేవి. ఇంటికి బయలుదేరేటప్పుడు వేసుకుని, మరునాడు పొద్దున కారు నిలిపే చోట తీసేదాన్ని. ఇప్పుడు జి.పి.నయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. బొట్టుకు మాత్రం ఏ నియమమూ అడ్డు రాలేదు.

ఇంత ఇష్టం ఉన్నదాన్ని కనుకనే ఇక ముందు చెప్పబోయే మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. అలంకరణ వద్దనేవాళ్ళ మాట ఎవరూ వినరు. వింటే మాలాంటి వాళ్ళ మాటే వినాలి. (రోగుల గుర్తులు మార్చి వ్రాస్తున్నాను.)

మొదట బొట్టు సంగతి. అరవై ఏళ్ళ పెద్దావిడ ఒకరు మోకాళ్ళ నొప్పులని వచ్చారు. నుదుట రూపాయి బిళ్ళంత స్టిక్కరు. ఎందుకో అనుమానం వచ్చి, “ఒక్కసారి తీస్తారా పిన్నిగారూ” అన్నాను. చాలాసేపు మొహమాటపడి తీశారు. కింద తెల్లటి మచ్చ, సరిగ్గా గుండ్రంగా. మొదట కందిగింజంత స్టిక్కరు పెట్టుకునేవారట. కింద తెల్లబడితే, అది కనబడకుండా ఇంకాస్త పెద్దది పెట్టారు. ఆ మేరా తెల్లబడింది. ఇంకా పెద్దది పెట్టారు. బొల్లి అని ఇంట్లో ఎవరికైనా తెలిస్తే మనవరాలి పెళ్ళికి అడ్డమని రెండేళ్ళుగా స్నానాల గదిలో తప్ప స్టిక్కరు తియ్యలేదట.

కొన్ని స్టిక్కర్ల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. చర్మంలో రంగు తయారుచేసే కణాలను అది చంపుతుంది. ఇది అంటువ్యాధీ కాదు, వంశాన్ని పట్టుకునే జబ్బూ కాదు. స్టిక్కరు మానేస్తే కొందరికి రంగు తిరిగి వస్తుంది, కొందరికి రాదు. ఎంత తొందరగా మానితే అంత మంచిది. ఆవిడను చర్మ వైద్యుల దగ్గరకు పంపాను. మచ్చలను చర్మం రంగులో కలిపేసే ప్రత్యేకమైన క్రీములు, అవి పూసుకునే విధానం నేర్పే సేవ కూడా ఈ దేశంలో ఉంది. చాలాకాలం రెడ్ క్రాస్ వారు నడిపారు, 2011 నుంచి ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ నడుపుతోంది. అలంకరణ పైపై మెరుగు అనేవాళ్ళు, అక్కడి నుంచి వచ్చినవాళ్ళు తల ఎత్తి నడవడం ఒకసారి చూడాలి.

స్టిక్కరు వద్దనుకుంటే కుంకుమ ఉంది కదా అంటారు. అసలు కుంకుమ పసుపుతో చేసేది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పెళ్ళిలో పారాణి కలిపిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు. కాని బజారులో పొట్లాల్లో దొరికే ప్రతి ఎర్రపొడీ పసుపుతో చేసింది కాదు. 2017లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. న్యూజెర్సీలోనూ, ముంబయి, ఢిల్లీల్లోనూ కొన్న 118 సిందూరం పొట్లాలు పరీక్షిస్తే, అమెరికాలో కొన్నవాటిలో నూటికి 83 వాటిలో గ్రాముకు ఒక మైక్రోగ్రాము, అంతకు మించి సీసం కనబడింది. పూజకు వాడే పొడి పూజకే ఉంచండి. పసిపిల్లల చేతికి అందనివ్వకండి.

సీసం అన్నాను కనుక కాటుక దగ్గరికి వస్తాను. మన అమ్మమ్మలు గుంటగలగరాకు పసరులో తడిపి ఆరబెట్టిన ఒత్తిని ఆముదంలో వెలిగించి, పైన పళ్ళెం బోర్లించి పట్టిన మసి వేరు. ఈ దేశపు ఆసియా దుకాణాల్లోనూ, యాత్రలకు వెళ్ళివచ్చిన స్నేహితుల సంచుల్లోనూ దొరికే సుర్మా వేరు. మొదటిది దీపం మసి. రెండోది చాలాసార్లు గలీనా అనే రాయిని నూరిన పొడి, అంటే సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. కంటికి పెట్టే సుర్మావల్ల సీసం విషమెక్కడం గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో 1968లోనే వచ్చింది. పసిబిడ్డ కళ్ళు నులుముకుంటుంది, ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది. సీసం అలా లోపలికి పోతుంది. రక్తహీనత, మలబద్ధకం, కడుపునొప్పి, ఆ తర్వాత చదువులో వెనకబడడం. ఈ దేశంలో 2021 నుంచి పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల సీసం కనబడితేనే ఆరా తీసి చర్య తీసుకుంటున్నారు. అంతకు ముందు ఆ హద్దు 10గా ఉండేది.

దిష్టి తగలకూడదని కదా మన ఆరాటం! అది నేను కాదనను. మా పాపకు మా అమ్మ పెట్టనిదే ఊరుకోలేదు. కంటికి మాత్రం ఏదీ పెట్టనివ్వలేదు, ఇంట్లో పట్టిన కాటుకైనా సరే. అరికాలికి చుక్క పెట్టి మేజోడు తొడిగాం. అరికాలి చుక్క మన ఆచారంలో ఉన్నదే. ఈ చలిదేశంలో మేజోడు ఎలాగూ తప్పదు.

గోరింటాకు గురించి రెండు మాటలు. ఆకు నూరి పెట్టుకుంటే నారింజ రంగులో మొదలై మరునాటికి ఎర్రగా పండుతుంది. నల్లగా పండదు. గంటలో నల్లగా పండే గోరింటాకని ఎవరైనా కోను చేతిలో పెడితే, దానిలో జుట్టు రంగులో వాడే పి.పి.డి. కలిసిందని అనుమానించాలి. అది కొందరికి బొబ్బలు తెప్పిస్తుంది. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. తర్వాత ఎప్పుడో జుట్టుకు రంగు వేసుకున్నా మొహం వాస్తుంది. మొదట్లో నేను చెప్పిన మగవారు ఇది గమనించాలి.

ఇక అసలు సంగతి. తొమ్మిదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది. పిల్లకు జ్వరం లేదు, దగ్గు లేదు. “తెల్లబడడానికి ఏదన్నా క్రీము వ్రాయండి డాక్టరుగారూ” అంది. పిల్ల తల వంచుకుని బూటు తాడు లాగుతూ కూర్చుంది. తెలుగు రాదని తల్లి అనుకుంది గాని, ఆ వంచిన తల చూస్తే ప్రతి మాటా అర్థమవుతోందని తెలుస్తూనే ఉంది. నా చెయ్యి తీసి పిల్ల చెయ్యి పక్కన పెట్టాను. “అమ్మా, ఇద్దరం ఒకటే రంగు. నాకు కూడా వ్రాసుకోమంటారా?” అన్నాను. ఆవిడ నవ్వింది, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వారం వారం ఇండియా నుంచి అత్తగారు ఫోను చేసినప్పుడు మొదటి ప్రశ్న పిల్ల రంగు గురించేనట. ఫోనులో వచ్చే జబ్బుకు మొహానికి మందు పూస్తే తగ్గుతుందా?

ఆ జబ్బు పాతదే. మన దేశంలో 1975లో వచ్చిన ఒక క్రీము పేరులోనే తెలుపు ఉండేది. 2020లో ఆ పేరు మార్చారు. పేరు మారింది గాని, పెళ్ళి చూపుల్లో చూపులు మారలేదు. దుకాణపు క్రీముల్లో హైడ్రోక్వినోన్ ఇక్కడ 2001 నుంచి నిషేధం. పాదరసమూ నిషేధమే. అయినా రెండూ దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది: కాళ్ళు వాస్తాయి, మూత్రం నురగ కడుతుంది. 2023లో కేరళలోని మలప్పురంలో ఇలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. డబ్బా మీద కాలోమెల్ అనిగాని, మెర్క్యురీ అనిగాని, బంగారు నగలకు తగలనివ్వకండి అనిగాని ఉంటే అక్కడే దింపెయ్యండి. బంగారాన్ని తినేది మొహాన్ని వదులుతుందా? ఇంకొక గుర్తు: ఈ దేశంలో చట్టప్రకారం అమ్మే ప్రతి అలంకరణ సామగ్రి మీదా దానిలో ఏమేమి ఉన్నాయో జాబితా, ఈ దేశంలో దానికి బాధ్యులైనవారి చిరునామా ఉండి తీరాలి. లేకపోతే కొనకండి.

మరి మన రంగుకు తగిన పౌడరు, ఫౌండేషను ఎక్కడ దొరుకుతాయంటారా? నేను వచ్చిన కొత్తలో ఏది పూసినా విభూతి పూసినట్టుండేది. వాటిలో తెల్లదనానికి వేసే టైటానియం డయాక్సైడు మన చర్మం మీద బూడిదలా కనిపిస్తుంది. 2017లో ఫెంటీ అనే కంపెనీ ఒకేసారి నలభై రంగులు తెచ్చాక తక్కినవారూ మేలుకున్నారు. ఆ రంగులు ముఖ్యంగా ఇనుము ఆక్సైడులు, అంటే మన పల్లెల్లో అరుగులకు పూసే జేగురుమన్నుకు చుట్టాలు. మంగు మచ్చలున్నవాళ్ళకు అవి వైద్యం కూడా. మామూలు సన్ స్క్రీను ఆపలేని వెలుతురును ఈ రంగులు ఆపుతాయి. కొనేటప్పుడు చేతి మీద కాకుండా దవడ పక్కన రాసుకుని, దుకాణం బయటికి వచ్చి పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. కనబడకుండా కలిసిపోయిందే మీ రంగు.

ఉన్న రంగుకు మెరుగు పెట్టుకోవడం అలంకరణ. ఉన్న రంగును చెరుపుకోవాలనుకోవడం వేరే వ్యవహారం. మొదటిదానికి నా ఓటు ఎప్పుడూ ఉంది. మన ఆడపిల్లలు ఎర్ర లిప్ స్టిక్కు పెట్టుకున్నా, రేగిపండంత బొట్టు పెట్టుకున్నా, ఏమీ పెట్టుకోకపోయినా సరే. “ఈ రంగు నీకు బాగుంది” అని పిల్లతో అనేటప్పుడు అది చీర రంగును గురించి అయితే చాలు. వచ్చే నెల సమావేశానికి మీ డబ్బాలు, సీసాలు పట్టుకు రండి. భోజనాల తర్వాత అందరం కూర్చుని లేబుళ్ళు చదువుదాం. కళ్ళజోడు మరచిపోకండి, అక్షరాలు చాలా చిన్నవి.