ఏ బోల్టు నుంచి ఏ బోల్టుకు

క్యాటరహామ్ సెవెన్ మామూలు చాసీ వీల్‌బేస్ 2225 మిల్లీమీటర్లు. అదే కంపెనీ పెద్ద చాసీ ఎస్‌వీకి 2305. బండి వెడల్పు మొదటిదానికి 1575, రెండోదానికి 1685. పేరు ఒకటే, ముఖం ఒకటే, కానీ అడ్డంగా 110 మిల్లీమీటర్లు తేడా. బ్రిటన్‌లో కిట్ కార్లు కట్టుకునేవాళ్లు ఇలాంటి అంకెల పట్టికలు దగ్గర పెట్టుకుంటారు. ఈ బండి సామాను ఆ బండికి పడుతుందా అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ముందు వాటినే తీస్తారు. ఆ పట్టిక ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు నేర్పింది కవెంట్రీ దగ్గర సొంత షెడ్డులో పనిచేసుకునే ఒక పెద్దాయన. ఇంజనీరింగ్ చదివి వచ్చిన నాకు ఆయన నేర్పినదాన్ని నేను చాలా విలువైన చదువుగా చూస్తాను.

ఈ బండ్లన్నిటికీ మూలం 1957లో కొలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను పడేది కాదు, అందుకే కిట్‌గా అమ్మారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. సెవెన్ తయారీ హక్కులు క్యాటరహామ్‌కు వెళ్లింది కూడా ఆ ఏడాదే. తర్వాత అదే పోలికలో బండ్లు చేసే కంపెనీలు ఇంకా పుట్టుకొచ్చాయి. 1996లో రాన్ ఛాంపియన్ 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు ఎలా కట్టుకోవచ్చో పుస్తకం రాశాడు. అంగుళం చదరపు ఇనప గొట్టాలు కోసి వెల్డింగ్ చేసుకోవడం, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచి ఇంజను, యాక్సిల్ తెచ్చి పెట్టుకోవడం. ఆ రకానికి లోకాస్ట్ అని పేరు పడింది. తర్వాత ఆ డ్రాయింగులనే మార్చి, నాలుగంగుళాలు వెడల్పు, నాలుగంగుళాలు పొడవు, రెండంగుళాలు ఎత్తు పెంచిన నమూనా కూడా వచ్చింది. చూడ్డానికి అన్నీ ఒక తల్లి పిల్లలే.

నా మిత్రుడి దగ్గర ఒక లోకాస్ట్ ఉంది. చక్రాన్ని చాసీకి కలిపే ముందు విష్‌బోన్లు తుప్పుపట్టి మార్చాల్సి వచ్చింది. వేరే కంపెనీ బండి నుంచి తీసిన సెట్టు ఒకటి మంచి ధరకు దొరికింది. రెండు బండ్ల ముందు ట్రాక్ దాదాపు సమానం. కాగితం పట్టుకుని ఇద్దరం పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన దాన్ని చూసి, ట్రాక్‌లో చక్రాల వాటా ఎంతో అడిగారు. ట్రాక్ అంటే ఈ టైరు మధ్య నుంచి ఆ టైరు మధ్యకు ఉన్న దూరం. అందులో చాసీ వెడల్పు, విష్‌బోన్ పొడవు, హబ్, చక్రం ఆఫ్‌సెట్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. సన్నటి చాసీకి పొడుగు విష్‌బోన్ తగిలించినా, వెడల్పాటి చాసీకి పొట్టిది తగిలించినా చివరికి అదే అంకె రావచ్చు. మొత్తాన్ని బట్టి అందులోని భాగాలను లెక్కకట్టలేం.

అందుకని ఆయన కొలిచేది వేరు. చాసీ మీద విష్‌బోన్ పట్టే ముందు బోల్టు నుంచి వెనక బోల్టుకు దూరం, పై జత నుంచి కింది జతకు ఎత్తు, ఎడమ నుంచి కుడికి వెడల్పు. బుష్ వెడల్పు, బోల్టు మందం. రంధ్రం నడిమి ఎక్కడుందో వెతుక్కోకుండా, ఒకే సైజు రంధ్రాలైతే ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచుకు కొలిస్తే చాలు, అదే నడిమి నుంచి నడిమికి దూరం. టేపు పెట్టడానికి గొట్టాలు అడ్డొచ్చిన చోట దారానికి గుండు కట్టి వదిలి, అది తగిలిన చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. చాసీ ఇంట్లో వెల్డింగ్ చేసినదైతే వేడికి గొట్టాలు లాక్కుంటాయి. కాబట్టి ఎడమవైపు కొలిచి కుడివైపూ అంతే అనుకోవడానికి వీల్లేదు.

ఆ సెట్టు బోల్టులు సన్న వాషర్లతో మా బండికి పట్టాయి. అమ్మేవాడు ఒప్పుకుని చూసుకోవడానికి ఇచ్చాడు గనక ఒకవైపు బిగించాం. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. స్ప్రింగూ షాకబ్జార్బరూ తీసేసి, స్టీరింగ్‌ను మధ్యలో కదలకుండా బిగించి, హబ్‌కు ఒక చదునైన పలక కట్టారాయన. పలక ముందంచుకు ఒక డయల్ గేజీ, వెనకంచుకు ఒకటి. జాకీతో హబ్‌ను కొద్దికొద్దిగా లేపుతుంటే రెండు ముళ్లూ సమానంగా కదలాలి. మాకు ముందు ముల్లు వెనకదాన్ని దాటి పోతూనే ఉంది. అంటే స్టీరింగ్ ఎవరూ తిప్పకుండానే, చక్రం గతుకులో ఎగిరినప్పుడల్లా దానంతట అదే పక్కకు తిరుగుతోంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. స్టీరింగ్ రాక్ చివరి కీళ్ల మధ్య దూరానికి విష్‌బోన్ల లోపలి బోల్టులతో పొంతన ఉండాలి, టై రాడ్డు కదిలే వంపు విష్‌బోన్ కదిలే వంపును అనుసరించాలి. మా బండిలో రాక్ ఎస్కార్ట్‌ది. వచ్చిన విష్‌బోన్లు మరో రాక్ కోసం చేసినవి. అయిదు వందల కిలోల చిల్లర బరువుండే బండిని, పొదల మధ్య వంకర్లు తిరిగే ఇక్కడి పల్లె రోడ్ల మీద, దాంతో నడపడం ప్రమాదం. సెట్టు తిరిగి ఇచ్చేశాం. పాత విష్‌బోన్ల కొలతలతోనే కొత్తవి చేయించుకున్నాడు మావాడు.

పట్టడం వేరు, పనిచేయడం వేరు అని నాకు ఒంటబట్టింది ఆ ముళ్లను చూశాకే. అప్పట్నుంచి సామానును రెండు రకాలుగా విడదీసి చూస్తున్నాను. బానెట్, ముక్కు, మడ్‌గార్డుల లాంటివి కొలత కొంచెం తప్పినా అల్యూమినియం రేకు కోసుకోవచ్చు, ఫైబర్ అరగదీసుకోవచ్చు. చక్రం, స్టీరింగ్, బ్రేకు దగ్గర సర్దుబాటుకు చోటు లేదు. నాలుగు బోల్టుల ఫోర్డ్ చక్రానికి బోల్టుల వలయం 108 మిల్లీమీటర్లు, మొదటి తరాల మజ్దా ఎమ్మెక్స్-5 చక్రానికి 100. రెంటినీ విడివిడిగా చూస్తే కంటికి తేడా దొరకదు. వెర్నియర్ పెట్టి చూడాల్సిందే.

మన దేశంలోనూ ఈ పోలిక బండి ఒకటి ఉంది. అలీబాగ్‌లో చింకారా మోటార్స్ చేసిన రోడ్‌స్టర్. దాని 1.8 లీటర్ల ఇసుజు ఇంజను అంబాసిడర్‌లో వచ్చిందే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగినా ఆ ఇంజను తెలిసిన మెకానిక్కులు మన ఊళ్లలో ఇంకా దొరుకుతారు. చాసీ, విష్‌బోన్ల సంగతి అలా కాదు, అవి ఆ బండికే ప్రత్యేకం. అలాంటి బండి ఎవరి దగ్గరైనా ఉంటే, అది ఎక్కడా గుద్దుకోక ముందే, వంగక ముందే, బోల్టు నుంచి బోల్టుకు కొలతలు తీసి బొమ్మ గీసి పెట్టుకోమని చెబుతాను. ఎడమ, కుడి విడివిడిగా. వంగిన తర్వాత తీసిన కొలతతో కొత్త విష్‌బోన్ చేయించలేం.