సామానుకొక పడకగది

ఇల్లు కొనువాడు తనకును తన ఆలుబిడ్డలకును ఎన్ని గదులు కావలెనో విచారించుట లోకసహజము. మా మేనమామ మాత్రము, 2017లో నేను హైదరాబాదు శివారున ఫ్లాటు చూచుచున్న కాలమున, సామానుకు ఎన్ని గదులు కావలెనో ముందుగా విచారింపుమనెను. “రెండు బెడ్‌రూములు ఏం చాలుతాయిరా? మనుషులు ఎలాగో సర్దుకుంటారు, సామాను సర్దుకోదు. ఇంకో గది ఉన్నది చూడు” అని ఆయన హాలు నడుమ నిలుచుండి తీర్పు చెప్పగా, మా అమ్మ తల యూపెను, నా భార్య అటకలు లెక్కపెట్టుచుండెను, నేను కాగితముపై వేసి చూపిన లెక్క ఎవరి కంటికిని ఆనలేదు. ఆ కాగితము నేటికిని నా యొద్ద భద్రముగా నున్నది.

ఆ లెక్క ఇది. రెండు పడకగదుల ఫ్లాటునకును మూడింటిదానికిని నడుమ, మెట్లు, లిఫ్టు, వరండాల వాటాతో కలిపి, 150 చదరపు అడుగుల తేడా. అడుగు 4,000 రూపాయల చొప్పున 6,00,000. చేతనున్న సొమ్ము చిన్న ఫ్లాటు బయానాకే సరిపోవుచుండుటచే ఈ ఆరు లక్షలును నిఖార్సయిన అప్పు. ఎనిమిదిన్నర శాతము వడ్డీపై ఇరువది ఏండ్ల గడువునకు దీని ఈఎంఐ 5,207 రూపాయలు; 240 నెలలకు 12,49,680. అనగా ఆరు లక్షల గదికి ఆరున్నర లక్షల వడ్డీ! రిజిస్ట్రేషనుకు నాటి 6 శాతము లెక్కన 36,000. మెయింటెనెన్సు అడుగుకు రెండున్నర చొప్పున నెలకు 375, గడువు ముగియునప్పటికి 90,000. అదియును పెరుగకుండినచో, పెరుగని మెయింటెనెన్సును నేనింతవరకు కనలేదు. వెరసి 13,75,680 రూపాయలు. వడ్డీ రేటు కరోనా కాలమున ఏడు శాతమునకు దిగువకు జారి, 2022లో మరల ఎగబ్రాకిన మాట నిజమే గాని, ఆ ఎత్తుపల్లముల వలన నా కాగితముపై నున్న అంకె స్వరూపము పెద్దగా మారలేదు.

తుదకు మూడు గదుల ఫ్లాటే కొని, ఇంత వ్యయముతో ఆ మూడవ గదిలో మేము కాపాడుచుండిన నిధి ఎట్టిదో మొన్న పాత సామాను కొనువానిని పిలిపించి తూకము వేయించినప్పుడు గాని తెలియలేదు. కాగితములు, అట్టపెట్టెలు, తుప్పు పట్టిన మడతమంచము, తిరుగని ఫ్యాను, మూతలేని మిక్సీ, ఇవన్నియు కలిపి వాడు కట్టిన ధర 3,140 రూపాయలు. ఈఎంఐయు మెయింటెనెన్సును కలిసి నెలకు 5,582 గదా! నిధి యావత్తును అమ్మినను దాని కాపలావానికి ఒక నెల జీతమైనను రాదన్నమాట. “ఫ్లాటు రేటు పెరిగింది కదరా” అని మామయ్య నేటికిని వాదించును. పెరిగినది, కాని అమ్ముకొని పోవువానికి గదా ఆ లాభము, కాపురముండువానికి ఒరిగినదేమున్నది? గదికి పోసిన ఆ సొమ్మును నెలనెలా పీపీఎఫ్‌లోనో, ఇండెక్సు ఫండులోనో వేసియుండినచో ఏమయ్యెడిదో పాఠకులే లెక్కించుకొనగలరు.

గది యున్నది గనుకనే సామాను చేరినదని నా దృఢాభిప్రాయము. మన ఇండ్లలో ఏటేట భోగికి ముందు బూజులు దులుపుట, అటక మీది వస్తువులను దింపుట ఆచారమే. కాని దింపినదానిని తుడిచి, ఇది ఎవరిచ్చినది, ఏ పెండ్లినాటిది అని ముచ్చటించుకొని, తిరిగి అటక మీదికే యెక్కించుటతో ఆ మహాయజ్ఞము పరిసమాప్తమగును. ఏడాదికొకమారు చేయు ప్రక్షాళనము దినదినము వచ్చిపడు చిన్న వస్తువుల ముందు నిలువజాలదు. ఒక పేరంటమునకు పోయివచ్చిన తాంబూలపు సంచిని చూడుడు: అందులో కొబ్బరికాయ, అరటిపండ్లు, పసుపు కుంకుమల పొట్లములు, ఒక ప్లాస్టికు డబ్బా, వీనికి అడుగున ఏ చీరకును జతపడని రంగులో, ఎవరి కొలతకును చాలని జాకెట్టు గుడ్డ. దానిని కుట్టించువారు లేరు, పారవేయుటకు చేతులు రావు. మరియొక పేరంటాలికి పెట్టవచ్చునని బీరువాలో చేరును. ఆ విధముగా ఒకే గుడ్డ ఊరంతయు తిరిగి, మడత నలగకుండ, ఇచ్చినవారి ఇంటికే చేరిన సందర్భమును నేనెరుగుదును. కర్రీ పాయింటు డబ్బాల మాట చెప్పనే అక్కరలేదు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చువాడు వీధిలోనికి వచ్చినప్పుడు భారము తీరినదని సంతసింతుము గాని, ఐదు చీరలు పోయి ఒక గిన్నె వచ్చును; ఆ గిన్నెయు అటకకే.

ఇప్పుడు మా యింట నడచుచున్న పద్ధతి స్వల్పమైనది. పార్సిలు వచ్చిన పూటనే అట్టపెట్టెను కోసి, మడిచి, వాకిటి ప్రక్క కట్టలో వేయుదుము. తాంబూలపు సంచిని ఆ సాయంత్రమే విప్పి దేనిచోట దానిని చేర్చుదుము. జాకెట్టు గుడ్డకు మాత్రము వారము గడువు. దుకాణపు బిల్లుల మీది అక్షరములు కొన్నాళ్ళకు వెలిసిపోవును గనుక, గ్యారంటీ ఉన్న వస్తువు బిల్లును నాడే ఫోటో తీయుదుము. ఇంటికి చేయించిన శాశ్వతమైన చేర్పుల, గోడకు బిగించిన చెక్కపనుల బిల్లులు, ఇల్లమ్ముకొన్ననాడు పన్ను లెక్కకు పనికివచ్చునవి గాన, వానికొక ఫైలు. రాత్రి భోజనమైన పిమ్మట పది నిమిషములు. అంతకు మించి చేసిన దినమున మరునాడు ఎవరికిని చేయ బుద్ధి పుట్టదు.

మామయ్య ఇంట ఈ పద్ధతి లేదు. “కాగితం ఏదీ పారేయకూడదు” అనునది ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతబలముననే, ఎన్నడో కొన్న షేర్ల పత్రములు శుభలేఖల క్రింద, శుభలేఖలు పాత పంచాంగముల క్రింద పడియుండగా, ఆయన వానిని మరచిపోయెను. ఇల్లు మారుటచే డివిడెండు వారంటులు చేరలేదు, వరుసగా ఏడు సంవత్సరములు డివిడెండు తీసికొననిచో షేర్లే ఐఈపీఎఫ్ అను ప్రభుత్వనిధికి పోవునని కంపెనీల చట్టము, పోయినవి. 2019 ఏప్రిల్ 1 నుండి కాగితపు షేర్లను డీమ్యాట్ చేయించనిదే అమ్ముటకును వీలులేదు. వానిని తిరిగి రాబట్టుకొనుటకు ఐఈపీఎఫ్-5 ఫారము నింపిపెట్టుమని ఆయన నా యొద్దకు వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషము మేనల్లునికి తగినది కాదు. అయినను కలిగినది, దాచుట దేనికి?

కంపెనీ షేర్ల లెక్కలు చూచు రిజిస్ట్రారు ఆఫీసువారు తెనాలిలోని ఆయన పాత చిరునామాకు ఆధారము చూపుమనిరి. వారము తరువాత మామయ్య ఒక పాత కరెంటు బిల్లును చేతబట్టుకొని వచ్చి, “చూశావా! పారేయమన్నావు” అని నా బల్లపై పరచెను. ఇంతకాలము పట్టెనేమని నేనడుగగా ఆయన పలుకలేదు, వెనుక నిలుచున్న అత్తయ్య పలికెను: “ముందు దానికి ఫోటో తీసి పెట్టు నాయనా, రేపు మళ్ళీ దొరకదు.”