మట్టిగోడ వన్నె

ఇంటిగోడలకు తెల్లసున్నమే శ్రేష్ఠమని కొందఱును, మెఱయు రంగులే నాగరకమని కొందఱును తలచుచుందురు. ఈ రెంటి నడుమ బూడిదవన్నెయు గోధుమవన్నెయు గలసిన వెచ్చని ఛాయ యొకటి కలదు. పట్టణములలోని రంగుల యంగళ్లలో దీనిని ‘గ్రేజ్’ అని యమ్ముచున్నారు. ముడిపట్టునకు ఫ్రెంచివారు వాడు పేరే దీనికి మూలము. పేరు క్రొత్తదే గాని, వన్నె మన కళింగాంధ్రమునకు మిక్కిలి పాతది.

మేము విజయనగరమున రైలెక్కి, చీపురుపల్లి దాటి పొందూరున దిగితిమి. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు వడకుదురు. చలువచేయని ఖద్దరుతాను నొకదానిని మాకు విప్పి చూపిరి. అది తెలుపు గాదు, పసుపు గాదు. మన్నును పేడయు గలిపి యలికిన గోడ చెంత నుంచగా, రెండును తోబుట్టువులవలె నుండెను.

పిమ్మట పలాస మీదుగా నుద్దానమునకు బోయితిమి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అచ్చటి కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. ఒక యింటివారు ఆ గాలివానకు మట్టియిల్లు కూలిపోగా సిమెంటుతో కట్టుకొనిరి. కుమారుడు మెఱయు నీలిరంగు వేయింపదలచెను. అత్తగారు మాతో, “గోడ గట్టిదే కావాలమ్మా, కాని కంటికి మా పాతగోడే కావాలి” అనెను. కోడలు నవ్వి, “రంగు ఏదైనా సరే, మళ్లీ పేడ అలకమనకండి” అనెను. వారమువారము వంగి యలికిన నడుమునకే యా మాట విలువ తెలియును. గోడ సిమెంటుదై, వన్నె మట్టిదైనచో నిరువురి కోరికయు తీఱును.

అయితే యీ వన్నె వెలుతురును బట్టి మాఱును. ఉత్తరపు వెలుతురు గదిలో బూడిదగా దోచును. పడమటి యెండలో నెఱ్ఱబడును. తెల్లని విద్యుద్దీపము క్రింద వెలవెలబోవును. కావున ముందుగా మూరెడు మేర పూసి, ఉదయము, మధ్యాహ్నము, దీపములవేళ రెండుదినములు చూడవలెను.

సున్నముతో జేయువారు, నానిన సున్నములో కొంచెము ఎఱ్ఱమన్నును, తుమ్మజిగురునీట మెదిపిన చిటికెడు దీపపుమసిని గలుపవలెను. తడిలో ముదురుగా గనబడి, ఆఱినపిదప మిక్కిలి పాలిపోవును గనుక ఆఱకముందు మెచ్చరాదు, రోయరాదు. సున్నము కంట బడకుండ జాగ్రత్త వహింపవలెను. చెమ్మ పట్టు పాత మట్టిగోడకు నూనెరంగు తగదు. లోని తడి వెలికి రాలేక పూత పొక్కి యూడిపోవును.

ఈ వన్నెగోడ చెంత ఇత్తడిబిందె వెలుగును, టేకుతలుపు నిండుగా నుండును, పసుపు పూసిన గడప పండుగ జేయును. మేము బయలుదేరునాటికి ఆ యింట మూడు పూతలు గోడపై నాఱుచుండెను. అత్తాకోడండ్రు వాని యెదుట నిలిచి, ఇంకను తేల్చుకొనకుండిరి. తొందరపడకుండుటయే మేలు, ఏండ్లతరబడి చూడవలసినవారు వారే గదా!