షుగరు పడిపోయే తెల్లవారుజాములు

ఫిబ్రవరి 4
ఉపవాస పరీక్ష 72 గంటల దాకా సాగొచ్చన్నారు. రెండో తెల్లవారుజామునే సరళ మాట తడబడింది, నన్ను చూసి "ఎవరండీ మీరు" అంది. షుగరు 41. రక్తం తీసుకుని గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికే లేచి కూర్చుని కాఫీ అడిగింది. దీన్నే ఇన్నాళ్లూ మూర్ఛ అనుకుని మాత్రలు మింగించాం. అత్తయ్య గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. తాయెత్తే నయం, దానివల్ల మత్తయినా రాలేదు.

ఫిబ్రవరి 11
షుగరు అంత పడిపోయినా ఇన్సులిన్ తగ్గలేదట. ఎండోస్కోపీ అల్ట్రాసౌండులో దోషి దొరికింది. ఇన్సులినోమా అనే గడ్డ, 14 మిల్లీమీటర్లు, క్లోమం నడిమి భాగంలో. వీటిలో నూటికి తొంభై దాకా క్యాన్సర్ కానివేనట.

మొదట చూపించినచోట ఎడమవైపు క్లోమాన్నీ ప్లీహాన్నీ కలిపి తీసేద్దామన్నారు. ఇక్కడి సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీశారు. గడ్డకీ క్లోమనాళానికీ మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఎడం ఉంటే గడ్డ ఒక్కటే ఒలిచి తీయొచ్చు. నాళాన్ని ఆనుకుని ఉంటే నడిమి ముక్క కోసి, తోకభాగాన్ని పేగుకో పొట్టకో అతకాలి. క్లోమం ఎక్కువ పోయేకొద్దీ షుగరు జబ్బు భయం. ప్లీహం పోతే టీకాలు, జ్వరమొస్తే జీవితాంతం హడావుడి.

"తక్కువ కోస్తే తేలికే కదండీ" అన్నాను. కాదన్నారు. ఒలిచినచోట క్లోమరసం కారే ప్రమాదమే ఎక్కువట.

ఫిబ్రవరి 12
ఇన్సులిన్‌ని 1921లో కనుక్కున్నది టొరాంటోలో. అదే ఊళ్లో 1929లో రోస్కో గ్రహామ్ ఇలాంటి గడ్డనే తీసి రోగికి నయం చేశాడట. అప్పుడు స్కాన్లెక్కడివి! పొట్ట తెరిచి వేళ్లతో తడుముకోవాల్సిందే.

ఫిబ్రవరి 20
ఆపరేషన్ అయింది. క్లోమం మీదే అల్ట్రాసౌండు ఆనించి నాళం ఎక్కడుందో చూసుకున్నారట. ఎడం చాలింది, ఒలిచేశారు. సాయంత్రానికి షుగరు 190. పెరిగితే మంచి కబురేనన్నారు. షుగరు పెరిగిందని స్వీట్లు పంచింది మా ఇంట్లోనే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 23
డ్రెయిన్ గొట్టంలోంచి వచ్చే నీళ్లలో అమైలేజ్ ఎక్కువ. రక్తంలో ఉండదగ్గ గరిష్ఠానికి మూడు రెట్లు దాటితే క్లోమరసం కారుతున్నట్టేనట. జ్వరం లేదు. గొట్టంతోనే ఇంటికి పంపిస్తామన్నారు.

మార్చి 8
గొట్టం ఇంకా ఉంది. "ఆ పక్కంతా కోసేసుంటే పీడ వదిలేది" అని సరళ విసుక్కుంటోంది. నేను ఒప్పుకోను గానీ, సంచీ మోసేది నేను కాదు గనక నోరెత్తలేదు. బయాప్సీ వచ్చింది, గ్రేడ్ 1. గురువారం వెళ్తే గొట్టం కొంచెం వెనక్కి లాగి చూస్తారట.